చిన్న బాల్కనీలో కూరగాయలు: వంట నేర్చుకునేవాడికి లాభమా, దండగా?

మణికొండ_మూడోఅంతస్తు:
మాది సింగిల్ బెడ్‌రూమ్ ఫ్లాట్. నేనూ మా తమ్ముడూ ఉంటాం. ఇన్నాళ్లూ కర్రీ పాయింట్ మీదే బతికాం. ఇద్దరి కడుపులూ మొరాయించడంతో ఇక ఇంట్లోనే వండుకోవాలని తేల్చుకున్నాం. బాల్కనీ ఎనిమిదడుగుల పొడవు, మూడున్నర వెడల్పు, తూర్పు ముఖం. వాషింగ్ మెషీన్ పోగా మిగిలేది సగం. అందులో టమాటా, వంగ, మిర్చి, తోటకూర పెంచి వాటితోనే వంట నేర్చుకుందామని నా ఆలోచన. "ముందు పప్పు ఉడకబెట్టడం నేర్చుకో, వ్యవసాయం సంగతి తర్వాత" అని తమ్ముడు. ఎవరి మాట కరెక్టో మొహమాటం లేకుండా చెప్పండి.

లెక్కల_మాస్టారు:
మీ తమ్ముడి మాటే. టమాటాకైనా వంగకైనా రోజుకి ఆరు గంటల ఎండ ఉండాలి. తూర్పు బాల్కనీలో పదకొండు దాటితే ఎండ ఉండదు. ఎదురుగా ఇంకో అపార్ట్‌మెంట్ లేచి ఉంటే (మణికొండ కదా, లేచే ఉంటుంది) అదీ అనుమానమే. మొక్క ఏపుగా పెరుగుతుంది, పూత మాత్రం రాలిపోతుంది.

బరువు కూడా చూసుకోండి. అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న గ్రోబ్యాగ్‌లో 20 లీటర్ల పైనే మట్టి పడుతుంది. ఎర్రమట్టి నింపి తడిపితే ఒక్కోటీ 30 కిలోలు దాటుతుంది. పది పెడితే? మిద్దెతోట అనగానే అందరూ తుమ్మేటి రఘోత్తమరెడ్డి గారి పేరు చెబుతారు. ఆయనది డాబా, మనది గోడలోంచి బయటికి వేలాడే పలక.

ఇక డబ్బు. సంచులు, కోకోపీట్, వర్మీకంపోస్ట్, విత్తనాలు, వేపనూనె అన్నీ కొనేసరికి అయ్యే ఖర్చుతో మీ ఇద్దరికీ బోలెడన్ని నెలలు ఆకుకూర వస్తుంది. రైతు నేరుగా తెచ్చి అమ్ముకోవడానికని 1999లో రైతుబజార్లు పెట్టారు. మెహిదీపట్నంలో ఒకటి ఉంది, ఆదివారం పొద్దున్నే వెళ్లి రండి.

పోపుడబ్బా:
మాస్టారూ, లెక్క బాగానే ఉంది గానీ వంట రానివాళ్ల సంగతి మీకు తెలియదు. రైతుబజార్ నుంచి నాలుగు కట్టలు తెస్తారు, ఫ్రిజ్‌లో పడేస్తారు, గురువారానికి అది పచ్చటి జిగురు. కుండీలో ఉన్న తోటకూర అలా ఊరుకోదు. నెల తిరిగేసరికి కోతకొస్తుంది. కొయ్యకపోతే ముదిరి వెన్ను తీస్తుంది. అంటే ఆ రోజు వండక తప్పదు. అలవాటు అయ్యేది అక్కడే. పైగా మూసీ దిగువన మురుగునీటితో ఆకుకూరలు పండిస్తారన్న సంగతి హైదరాబాద్‌లో ఎవరికి తెలియదు? కట్ట మీద ఏ నీళ్లతో పండిందో రాసి ఉండదు.

తమ్ముడూ, పప్పు బ్రహ్మవిద్యేం కాదు. గ్లాసు కందిపప్పు కడిగి కాసేపు నాననివ్వండి. రెండున్నర గ్లాసుల నీళ్లు, చిటికెడు పసుపు, మూడు నాలుగు విజిల్స్. చింతపండు మాత్రం ముందే వేయకండి. పులుపు తగిలిందంటే ఎన్ని విజిల్స్ వచ్చినా పప్పు బద్దలు బద్దలుగానే ఉంటుంది. ఆకు తరిగి, పచ్చిమిర్చి చీల్చి విడిగా మగ్గించి, మెదిపిన పప్పులో కలిపి, అప్పుడు చింతపండు పులుసు, ఉప్పు వేసి ఒక పొంగు రానివ్వండి. పోపులో ఆవాలు చిటపటలాడాకే జీలకర్ర, ఎండుమిర్చి, చితక్కొట్టిన వెల్లుల్లి. కరివేపాకు ఆఖరున. ముందే వేస్తే మాడిపోయి దానికున్న వాసన కాస్తా పోతుంది.

అసోసియేషన్_అంకుల్:
పెంచుకోండి, కాదనను. కానీ కింది ఫ్లాట్ వాళ్లు ఆరేసుకున్న బట్టల మీద బురద నీళ్లు కారితే ఫోన్ నాకొస్తుంది. కుండీల కింద పళ్లేలు పెట్టండి, వారానికి ఒకసారి వాటిని ఒంపేసి తుడవండి. డెంగీ దోమ మురుగులో కాదు, ఇలాంటి నిలవ మంచినీళ్లలోనే గుడ్లు పెడుతుంది. వారం పది రోజుల్లో ఎగురుతుంది. ఏప్రిల్ వస్తే మాకు ట్యాంకర్ల నీళ్లే దిక్కు. అప్పుడు మొక్కలకు పైపుతో కొడితే ఒప్పుకోం.

న్యూజెర్సీ_గోంగూర:
ఇక్కడ ఈ చర్చే రాదండీ. పచ్చి కరివేపాకు ఇండియా నుంచి బ్యాగులో తెచ్చుకోనివ్వరు. నిమ్మజాతి చెట్లను చంపే తెగులును మోసే పురుగు ఈ మొక్క మీద బతుకుతుంది కాబట్టి నిషేధం. అందుకని మా కరివేపాకు కుండీ అక్టోబర్ రాగానే హాల్లోకి వస్తుంది, చలికాలమంతా కిటికీ దగ్గరే. ఇంటికొచ్చినవాళ్లు రెండు రెబ్బలు అడిగితే లోపల కాస్త కలుక్కుమంటుంది, అబద్ధమెందుకు.

పెరటిచెట్టు:
మాస్టారు కిలోల లెక్క చెబుతున్నారు, పోపుడబ్బా గారు అలవాటు సంగతి చెబుతున్నారు. నేనైతే నాటేముందు ఒకటే చూస్తాను: వంటలో అది ఎంత పడుతుంది? రెబ్బో, గుప్పెడో పడేదైతే పెంచుతాను. పావుకిలో పడేదైతే కొంటాను.

కొత్తిమీర కట్ట కొంటే చారులోకి వాడేది నాలుగు కాడలు, మిగతాది కుళ్లిపోతుంది. పుదీనా అంతే, కరివేపాకు అంతే. ఇవి కుండీలో ఉంటే కావలసినంతే తుంచుకుంటాం. మన కరివేపాకులో పురుగుమందుల అవశేషాలు ఉంటున్నాయని యూరప్ వాళ్లు దిగుమతి దగ్గరే ప్రత్యేకంగా తనిఖీ చేస్తున్నారు కూడా. మిర్చి రెండు మొక్కలు చాలు, ఎండ తగిలే మూల పెట్టండి, ఎంత కాస్తే అంత.

విత్తనాలకు నర్సరీ దాకా వెళ్లక్కర్లేదు. వంటకి తెచ్చిన ధనియాలే, మరీ పాతవి కాకపోతే, అరచేత్తో నలిపి రెండు బద్దలు చేయండి, ఒక్కో ధనియంలో రెండు విత్తనాలుంటాయి. రాత్రంతా నానబెట్టి చల్లితే వారం పది రోజుల తర్వాత గాని మొలక కనిపించదు, కంగారు పడి తవ్వి చూడకండి. ఏప్రిల్, మేలో మాత్రం వేయకండి, ఆకు పెట్టకుండా పూతకెళ్లిపోతుంది. తొందరగా రావాలంటే మెంతులు: చల్లిన కొద్దిరోజులకే మొలిచి మూడు వారాల్లో కూరకొస్తాయి. పుదీనాకైతే కొన్న కట్టలోంచి ముదురు కాడలు రెండు నీళ్లలో ఉంచండి, వేళ్లు వచ్చాక గుచ్చండి.

పోపుడబ్బా:
ఆ లెక్కన తోటకూర పెంచకూడదన్నమాట!

పెరటిచెట్టు:
ఇద్దరి పప్పుకి సరిపడా అంటే కష్టమే అక్కా. కుండీ నిండా కళకళలాడే తోటకూర మూకుట్లో పడ్డాక గుప్పెడవుతుంది. ఒక తొట్టి పెట్టి, చివర్లు తుంచుతూ ఉంటే మళ్లీ చిగురేస్తుంది. నెలకి ఒకటి రెండుసార్లు వండుకోవచ్చు. దాన్నే నమ్ముకుంటే పస్తులు.

లెక్కల_మాస్టారు:
నేనూ ఇందాకటి నుంచి మొత్తుకుంటున్నది అదే.

పోపుడబ్బా:
నెలకి రెండుసార్లయినా వండుతాడు కదా మాస్టారూ. ఈ రోజు వరకూ వండింది సున్నా.

నిజాంపేట_నీడ:
మాకు ఉత్తరం బాల్కనీ. మేమేం చేయాలి?

లెక్కల_మాస్టారు:
హైదరాబాద్‌లో మే రెండో వారం నుంచి ఆగస్టు మొదట్లో దాకా మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగా ఉంటాడు. ఆ రోజుల్లో మీకూ కొంత ఎండ పడుతుంది, అందులో సగం వర్షాకాలం మబ్బులకే పోతుంది. మిగతా ఏడాది దాదాపు నీడే. పుదీనా, వామాకు, తీగబచ్చలి ప్రయత్నించండి. వామాకు బజ్జీకి నేను కూడా అడ్డు చెప్పను.

మణికొండ_మూడోఅంతస్తు:
అందరికీ థ్యాంక్సండీ. టమాటా, వంగ మానేశాను. ధనియాలు, మెంతులు, పుదీనా, రెండు మిర్చి, నర్సరీ నుంచి ఒక కరివేపాకు మొక్క. పోపుడబ్బా అక్క కోసం ఒక తొట్టి తోటకూర. పప్పు ఈ రాత్రికే. తమ్ముడి డౌటు ఒకటి మిగిలింది: వాషింగ్ మెషీన్ నీళ్లు పక్కనే పోతున్నాయి కదా, అవి మొక్కలకు పట్టొచ్చా?

పెరటిచెట్టు:
వద్దు, అందులో సర్ఫు ఉంటుంది, తినే మొక్కలకు పోయకండి. బియ్యం, పప్పు, ఆకుకూర కడిగిన నీళ్లు ఒక బకెట్లో పట్టండి. ఉప్పేసి కడిగినవైతే మాత్రం సింకులోనే పారబోయండి.