చిన్నపిల్లలతో మొదటిసారి వండర్‌లా, ఎలా ప్లాన్ చేయాలి?

ప్రశ్న: బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. మూడేళ్ల పాప, ఆరేళ్ల బాబు, మా అత్తగారు, మేమిద్దరం. బిడదిలోని వండర్‌లా అమ్యూజ్‌మెంట్ పార్కుకి వెళ్దామనుకుంటున్నాం. పాప ఎండకి ఏడుస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: అక్కా, రైడ్స్ దగ్గర వయసు కాదు, ఎత్తు చూస్తారు. ఇంట్లోనే బాబుని గోడకి నిలబెట్టి కొలవండి. ఏవి ఎక్కలేడో ముందే చెప్పండి. క్యూలో అంతసేపు నిలబడ్డాక వెనక్కి పంపితే పిల్లలు వెక్కి వెక్కి ఏడుస్తారు, చూడలేం. నీళ్లలోకి కాటన్ బట్టలు వద్దంటారు, నైలాన్‌వి కొనండి.

జవాబు: వారం మధ్యలో వెళ్లండి. శని, ఆదివారాల్లో మైసూరు రోడ్డు ట్రాఫిక్‌కే సగం ఓపిక పోతుంది. భోజనమయ్యాక పాపని అత్తగారి ఒళ్లో పడుకోబెట్టండి. అన్నీ ఎక్కించాలని మాత్రం చూడకండి.

ప్రశ్న అడిగినవారు: చాలా థాంక్సండీ. మావారు మంగళవారం సెలవు పెడతానన్నారు.