ఎస్ఎన్ఈఎస్ (సూపర్ నింటెండో) సూపర్ ఎఫ్ఎక్స్ గేములు 45 ఎఫ్‌పీఎస్ (సెకనుకి ఫ్రేములు) దాటట్లేదు

ప్రశ్న:
ఆర్కే3326 చిప్, 1 జీబీ ర్యామ్ ఉన్న హ్యాండ్‌హెల్డ్. పాత కన్సోల్ గేములు ఆడించే రెట్రోఆర్చ్ యాప్‌లో స్నెస్9ఎక్స్ కోర్ (ఎస్ఎన్ఈఎస్‌ని అనుకరించే ప్రోగ్రామ్). మామూలు గేములు ఫుల్ స్పీడే. సూపర్ ఎఫ్ఎక్స్ గేమైన స్టార్ ఫాక్స్ మాత్రం 45 దగ్గరే ఆగిపోతోంది, సౌండ్ చిటపటమంటోంది. ఓవర్‌క్లాక్ (చిప్‌ని మామూలు కన్నా వేగంగా నడపడం) చేయమంటారా?

జవాబు 1:
అప్పుడే ఓవర్‌క్లాక్ ఎందుకండీ, వేడి తప్ప పెద్దగా ఒరిగేదేం లేదు. ముందు రన్-అహెడ్ (బటన్ నొక్కాక వచ్చే ఆలస్యాన్ని తగ్గించే సెట్టింగ్) ఆపండి. అది 1 ఫ్రేమ్‌కి పెట్టినా ప్రతి ఫ్రేమ్‌నీ రెండుసార్లు లెక్కగట్టాలి. రివైండ్ (ఆటని వెనక్కి తిప్పేది), షేడర్లు (బొమ్మకి ఎఫెక్ట్‌లు ఇచ్చేవి) కూడా ఆఫ్. తర్వాత కోర్ మార్చి స్నెస్9ఎక్స్ 2010, అదీ చాలకపోతే 2005 వేయండి. సూపర్ ఎఫ్ఎక్స్ అంటే క్యాట్రిడ్జ్‌లోనే ఉన్న ఇంకో ప్రాసెసర్, దాని భారం అదనం. ఒక్క జాగ్రత్త: ఇప్పుడున్న కోర్‌లో చేసిన సేవ్ స్టేట్‌లు (ఆటని ఆ క్షణం ఉన్నట్టే ఎమ్యులేటర్ దాచేవి) మార్చిన కోర్‌లో తెరుచుకుంటాయన్న నమ్మకం లేదు. గేమ్ లోపల చేసుకున్న సేవ్‌లకి మామూలుగా ఢోకా ఉండదు.

జవాబు 2:
పైవన్నీ కరెక్టే. సీపీయూ గవర్నర్‌ని (ప్రాసెసర్ వేగాన్ని నిర్ణయించే సెట్టింగ్) పెర్ఫార్మెన్స్‌లో పెట్టడం మర్చిపోకండి. ఇక సౌండ్ అంటారా, ఫ్రేములు ఆలస్యమైతే ఆడియో బఫర్ (ముందే సిద్ధం చేసి ఉంచిన సౌండ్) ఖాళీ అవుతుంది, ఆ చప్పుడే అది. ఆడియో లేటెన్సీ 64 నుంచి 128 మిల్లీసెకన్లకి పెంచితే అప్పుడప్పుడూ వచ్చే తడబాటు సర్దుకుంటుంది గానీ, స్థిరంగా 45లోనే ఉంటే లాభం లేదు.

ఇంకోటి, అసలు కన్సోల్‌లోనే స్టార్ ఫాక్స్ బొమ్మ నత్తనడకే. ఎఫ్‌పీఎస్ మీటర్ 60 చూపించాక కూడా కుదుపు కనిపిస్తే అది గేమ్ తీరు, సెట్టింగుల తప్పు కాదు. పాల్ (యూరప్ టీవీ పద్ధతి) వెర్షన్ అయితే 50 వస్తే చాలు.