ఇంటర్ పిల్లాడికి ఇంటి బయట ఒక పెద్దమనిషి తోడు ఉండాలా, వద్దా?

కాజీపేట అమ్మ: మావాడు ఇంటర్ ఫస్టియర్, ఎంపీసీ. ఆదివారం వస్తే చాలు, మా వీధి చివర బైక్ మెకానిక్ షాపులో ఉంటాడు. ఆయనకు యాభై దాటాయి. ఇంట్లో నోరు విప్పనివాడు అక్కడ చైన్‌కు గ్రీజు పెడుతూ గంటలకొద్దీ ముచ్చట పెడతాడు. మొన్న ఆయనే ఫోన్ చేసి, "చెల్లె, పోరనికి మ్యాథ్స్ 1బీలో 75కు 11 వచ్చినయట. బాపుకు చెప్పనీకి భయపడుతున్నడు. నేను చెప్పిన అనకు, నువ్వే మెల్లగ అడుగు" అన్నాడు. మా ఆయనేమో, "సలహా కావాలంటే మా తమ్ముడు లేడా, మెకానిక్‌తో ఏం పని?" అని ఒకటే గొడవ. మీరేమంటారు?

హంటర్ రోడ్డు వాసి: మీ ఆయన భయం తీసిపారేసేది కాదు. 2012లో పిల్లలను లైంగిక వేధింపుల నుంచి కాపాడే పోక్సో చట్టం ఊరికే తేలేదు. మంచిగా మాట్లాడి, చేతిలో డబ్బులు పెట్టి, "ఇంట్లో చెప్పకు" అనేవాళ్లు ఉంటారు. బాబాయి ఉండగా బయటివాళ్లెందుకు?

పాత హాస్టల్ స్టూడెంట్: బంధువైతే భయం లేదనుకోవడమే పొరపాటు. అదే చట్టంలో బంధువులు చేసే నేరానికి శిక్ష ఇంకా పెద్దది. అది పక్కన పెట్టినా, బాబాయికి చెప్పిన మాట సాయంత్రానికి బాపు చెవిన పడుతుంది, దసరాకు చుట్టాలందరికీ తెలుస్తుంది.

నేను హనుమకొండలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదివాను. వారానికో టెస్టు, నోటీసు బోర్డు మీద ర్యాంకులు. ఒకసారి నన్ను చివరి సెక్షన్‌కు దించారు. ఇంటికి ఫోన్ చేస్తే బాపు, "మక్కలమ్మి ఫీజు కట్టిన బిడ్డా" అన్నాడు. ఇంకేం చెప్తాను? మెస్‌లో వడ్డించే ఒక పెద్దాయన కనిపెట్టాడు. "ఏంది బిడ్డా, రెండ్రోజుల సంది పెరుగు దాకా రాకుండనే చెయ్యి కడుగుతున్నవు?" అన్నాడు. అంతే, ఏడ్చేశాను. ఆయన సలహా ఏమీ ఇవ్వలేదు. గిన్నెలు కడిగేచోట పీట వేసి కూర్చోబెట్టి పెరుగన్నం తినిపించాడు. వార్డెన్‌ను బతిమాలి రెండు రోజులు ఇంటికి పంపించాడు. మెంటార్ అనే మాట ఆయన విని కూడా ఉండడు.

మీ మెకానిక్ షాపు రోడ్డు మీదే కదా? పైగా "ఇంట్లో చెప్పకు" అనే రకమైతే మీకెందుకు ఫోన్ చేస్తాడు?

పరకాల టీచరమ్మ: ఆ ఫోనే నాకు నచ్చలేదు. పిల్లాడు నమ్మి చెప్పిన మాట వాడిని అడగకుండా ఎలా చెప్తాడు? తెలిసిందంటే రేపు ఎవరికీ ఏమీ చెప్పడు. "మీ అమ్మకు చెప్తానురా, నువ్వు పక్కనే ఉండు" అంటే సరిపోయేది. చనిపోవాలనిపిస్తోందన్నా, ఎవరైనా చెయ్యి వేశారన్నా దాచకూడదు. మార్కులు అలాంటివి కావు. మరీ టెన్షన్‌గా ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేయించండి, తెలుగులో మాట్లాడతారు, ఉచితం.

హంటర్ రోడ్డు వాసి: అది ఒప్పుకుంటాను. కానీ గ్రూపు మారాలా వద్దా మెకానిక్ ఏం చెప్పగలడు? అది లెక్చరర్‌ను అడగాల్సిన మాట. పైగా మీరు వెళ్లి ఆ షాపులో ఒక పూట కూర్చోకుండా పంపడం మాత్రం తప్పు.

కాజీపేట అమ్మ: నిన్న బండి సర్వీసింగ్ నెపంతో మా ఆయన్నే పంపాను. గంటన్నరకు వచ్చాడు. ఏమన్నాడంటే, "చైన్ వదులైందట" అన్నాడు. రాత్రి పడుకునే ముందు మాత్రం, "1బీ ట్యూషన్ మంచిగ ఎవరు చెప్తరో కనుక్కో" అన్నాడు.