త్రీడీఎఫ్ఎక్స్‌ను ముంచింది ఎన్విడియా కాదు, ఎస్‌టీబీ కొనుగోలే

పాతపీసీ: 2000 డిసెంబరు 15న, కంప్యూటర్ ఆటల గ్రాఫిక్స్ చిప్పులు చేసే త్రీడీఎఫ్ఎక్స్ తన ఆస్తులను పోటీ సంస్థ ఎన్విడియాకు అమ్ముతున్నట్లు ప్రకటించింది. ఎన్విడియా మింగేసిందని అప్పటినుంచీ అందరూ అంటున్నారు. నేను ఒప్పుకోను. 1998 చివర్లో గ్రాఫిక్స్ కార్డులు తయారు చేసే ఎస్‌టీబీ సిస్టమ్స్‌ను కొనాలని నిర్ణయించిన రోజే త్రీడీఎఫ్ఎక్స్ పని అయిపోయింది. అంతవరకు అది చిప్పులు అమ్మేది, డైమండ్, క్రియేటివ్ వంటి సంస్థలు కార్డులు తయారు చేసుకునేవి. కార్డులూ మేమే చేస్తామనగానే నిన్నటి ఖాతాదారులు పోటీదారులయ్యారు. వాళ్లు ఎన్విడియా చిప్పుల వైపు వెళ్లక ఏం చేస్తారు? కూర్చున్న కొమ్మను నరుక్కోవడమే ఇది.

గోదావరి_గేమర్: ఎస్‌టీబీ ఏమీ కాదు. త్రీడీఎఫ్ఎక్స్ కార్డు వూడూ 3 ఆటలను 16 బిట్ల రంగులోనే చూపించేది, ఎన్విడియా చిప్పు టీఎన్‌టీ 32 బిట్లు ఇచ్చింది. జనం అది చూసే మారారు.

పాతపీసీ: వూడూ 3లో బొమ్మను తెరకు పంపే ముందు వడపోత ఉండేది, దాదాపు 22 బిట్ల నాణ్యత వచ్చేది. టీఎన్‌టీ 2లో 32 బిట్లు పెడితే వేగం పడిపోయేది కదా.

గోదావరి_గేమర్: 22 అంటే 32 కాదు. పొగలో, ఆకాశంలో చారలు కనిపించేవి. టెక్చర్లు, అంటే ఆటలోని వస్తువుల మీద అతికించే బొమ్మలు, 256×256 పిక్సెళ్లు దాటేవి కావు.

పాతపీసీ: నేను వ్యాపారం గురించి అడిగితే మీరు బిట్లు లెక్కపెడుతున్నారు.

శ్రావణి_కె: త్రీడీఎఫ్ఎక్స్ చిప్పుతో వచ్చిన ఆర్చిడ్ రైటియస్ కార్డు గుర్తుందా ఎవరికైనా? త్రీడీ ఆట మొదలవగానే లోపల రిలే స్విచ్చు టక్కుమనేది. ఆ చప్పుడు వింటే చాలు, ఒళ్లు పులకరించేది.

సర్క్యూట్: నేను పండుగ బోనసంతా పెట్టి సికింద్రాబాద్‌లో ఒక దుకాణంలో వూడూ 5 5500 కొన్నాను. పెట్టె మీద 64 మెగాబైట్లని ఉంది. కానీ అందులోని రెండు చిప్పులూ ఒకే టెక్చర్లను వేర్వేరుగా దాచుకునేవి, కాబట్టి వాటికి నిజంగా అందేది అంతకంటే చాలా తక్కువ. కంపెనీ మూతపడ్డాక కార్డు పాడైంది. వారంటీ కాగితం చూపిస్తే దుకాణదారు “తయారీదారే లేడు, నేనేం చేయను?” అన్నాడు. ఆ కంపెనీ ఘనత గురించి నాకు చెప్పకండి.

పాతపీసీ: దుకాణదారు మీద కోపం కంపెనీ మీద చూపిస్తే ఎలా? సిలికాన్ గ్రాఫిక్స్ నుంచి వచ్చిన ఇంజనీర్లు, లక్షలు పోసే యంత్రాల్లో మాత్రమే ఉండే పనితనాన్ని 1996లో ఇంటి కంప్యూటర్‌లోకి తెచ్చారు. అది మీకు చిన్న విషయమా?

సర్క్యూట్: గొప్పే, కాదనలేదు. మరి తన కార్డులకు మాత్రమే పనిచేసే ప్రోగ్రామింగ్ సాధనం గ్లైడ్ సంగతి? ఆటలు దాని మీదే రాయించి, వేరే కార్డు కొన్నవాళ్లను బయట నిలబెట్టింది. 1999లో ఇతర కార్డుల మీద గ్లైడ్ ఆటలు నడిపే రాపర్లనే ప్రోగ్రాములు వస్తే, వాటిని రాసినవాళ్లకు న్యాయపరమైన హెచ్చరికలు పంపింది. ఆ ఏడాది చివర్లో గానీ గ్లైడ్ సోర్సు కోడును అందరికీ తెరవలేదు. అప్పటికి ఎన్విడియా జీఫోర్స్ 256 వచ్చేసింది!

పాతపీసీ: 1996లో గ్లైడ్‌లాంటిదే అయిన మైక్రోసాఫ్ట్ డైరెక్ట్‌త్రీడీతో పని చేయడం ప్రోగ్రామర్లకు నరకం. గ్లైడ్ సులువుగా ఉంది కాబట్టే ఆటలు వచ్చాయి. కష్టపడి తయారు చేసినవాడికి దాని మీద హక్కు ఉండదా? పాత కార్డు పోయిందని ఏడుస్తూ చరిత్రను చెరపకండి.

సర్క్యూట్: ఏడుస్తున్నానా? మాట జాగ్రత్త. అసలు విషయం ఇప్పుడు బయటపడింది. ముందు వచ్చినవాడు ఏం చేసినా చెల్లుతుందని మీరంటున్నారు.

నల్లగొండ_నెట్: రెండు కార్డులను కలిపి నడిపే పద్ధతికి త్రీడీఎఫ్ఎక్స్ పెట్టిన ఎస్ఎల్ఐ పేరును ఎన్విడియా 2004లో మళ్లీ వాడుకుంది, అదీ వారసత్వమే.

పాతపీసీ: ముందు వచ్చినవాడికి కొన్నేళ్ల ఆధిక్యం దక్కకపోతే, తర్వాత ఎవరూ అంత సాహసం చేయరు. చెల్లుతుందనే అంటున్నాను. డైరెక్ట్‌త్రీడీ మాత్రం మైక్రోసాఫ్ట్ సొంతం కాదా?

సర్క్యూట్: సొంతమే. కానీ అది ఎన్విడియా కార్డు మీదా నడిచింది, మీ వూడూ మీదా నడిచింది.