తాతయ్య పేరు ఫ్యామిలీసెర్చ్‌లో పెడితే బాప్తిస్మం ఇచ్చేస్తారా?

పల్నాటి_పిల్లోడు:
అమెరికాలో యూటా రాష్ట్రం సాల్ట్ లేక్ సిటీ దగ్గర ఉంటాను, మా టీమ్‌లో సగం మంది మార్మన్లే (ఇక్కడ పుట్టిన ఒక క్రైస్తవ శాఖ), చాలా మంచోళ్ళు. ఒకాయన మీ వంశవృక్షం మా చర్చి వెబ్‌సైట్ ఫ్యామిలీసెర్చ్‌లో ఫ్రీగా పెట్టుకోవచ్చు కదా అంటే సరేనని తాతయ్య, ముత్తాతల పేర్లు, ఊళ్ళు, పుట్టిన ఏళ్ళు ఎక్సెల్‌లో రాసి పెట్టుకున్నా. ఇంతలో మా ఆవిడ ఎక్కడో చదివిందంట, చనిపోయినవాళ్ళ తరఫున వీళ్ళు నీళ్ళలో మునిగి బాప్తిస్మం తీసుకుంటారని. మా తాతయ్యేమో ఏటా కోటప్పకొండ తిరణాల తప్పని మనిషి. ఇది నిజమేనా, నిజమైతే మాత్రం అంత పట్టించుకోవాలా?

రికార్డుల_పిచ్చి:
నిజమేనండి. 1840లో ఇల్లినాయ్‌లోని నావూలో ఆ చర్చి స్థాపకుడు జోసెఫ్ స్మిత్ మొదలుపెట్టాడు, ఆధారం బైబిల్‌లోని 1 కొరింథీ 15:29. వాళ్ళ టెంపుల్స్‌లో పన్నెండు ఎద్దుల బొమ్మల మీద పెద్ద తొట్టి ఉంటుంది, ఒక్కో పేరు చదువుతుంటే ఎక్కువగా టీనేజ్ పిల్లలే మునుగుతారు. వాళ్ళ నమ్మకం ప్రకారం ఆ ఆత్మ ఒప్పుకోవచ్చు, వద్దనొచ్చు, చనిపోయినవాళ్ళని చర్చి సభ్యుల లిస్టులోనూ కలపరు. మీరు టైప్ చేయగానే జరిగిపోయేది కాదు, సభ్యులెవరో ఆ పేరు తీసుకుని టెంపుల్‌కి పంపాలి, అదీ సొంత బంధువులవే పంపాలని రూల్. గత 110 ఏళ్ళలో పుట్టినవాళ్ళకైతే దగ్గరి బంధువు పర్మిషన్ కూడా కావాలి.

నిద్రపట్టని_రామం:
రూల్స్ సంగతి యూదుల్ని అడగండి సార్. హోలోకాస్ట్‌లో, అంటే నాజీల చేతిలో చనిపోయిన యూదుల పేర్లు ఈ బాప్తిస్మాలకి లక్షల్లో ఎక్కించేశారని గొడవైతే 1995లో ఒప్పందం చేసుకుని దాదాపు 3,80,000 పేర్లు తీసేశారు. అంతా అయ్యాక 2012లో డైరీ రాసిన యూదు అమ్మాయి ఆన్ ఫ్రాంక్ పేరు మీద డొమినికన్ రిపబ్లిక్ టెంపుల్‌లో మళ్ళీ చేశారు, నాజీల్ని వెతికి పట్టించిన సైమన్ వీసెంతాల్ అమ్మానాన్నల పేర్లూ బయటపడ్డాయి. చర్చి సారీ చెప్పింది, ఎవరో సభ్యులు అత్యుత్సాహంతో చేశారంది. యూదులుగా పుట్టారనే ఒక్క కారణానికి చంపేసిన మనుషులకి చచ్చాక ఆ యూదుతనం కూడా మిగల్చకపోతే ఎలా? గాంధీ పేరు కూడా ఉందని అదే ఏడాది వార్తలొచ్చాయి, ఆయనకి వీళ్ళు ఏ వైపు బంధువులో మరి 😀

గోదారి_గాలి:
ఎక్కడో ఎవరో కుర్రాడు మునిగితే తాతయ్యకి ఏమవుతుంది బ్రో? గయలో మనం మాత్రం స్నేహితులకీ, ముక్కూమొహం తెలియనివాళ్ళకీ పిండాలు పెట్టట్లేదా, వాళ్ళనేమైనా అడిగి పెడుతున్నామా?

రికార్డుల_పిచ్చి:
గయ పోలిక బానే ఉంది గానీ అక్కడ పెట్టేది ఆకలి తీరాలని, ఆయన దేవుణ్ణి మార్చాలని కాదు, పైగా ఫలానా తేదీన ఫలానా కర్మ అయిందని కంప్యూటర్‌లో ఎంట్రీ మిగలదు. వీళ్ళ ఎంట్రీ వివరం సభ్యులు కానివాళ్ళకి కనపడదు కూడా, అంటే మీ తాతగారికి చేశారో లేదో మీకే తెలీదు, నాకు అదే ఎక్కువ ఇబ్బంది. వాటికన్ ఊరికే 2008లో చర్చి రిజిస్టర్లు వాళ్ళకి ఇవ్వొద్దని బిషప్పులకి చెప్పలేదు. అలాగని తిట్టి ఊరుకోలేం. హరిద్వార్ పండాల (అక్కడి తీర్థ పురోహితుల) వంశావళి పుస్తకాలు, బహీల్ని మైక్రోఫిల్మ్ తీసింది వీళ్ళే, యూటాలో గ్రానైట్ కొండ తొలిచి 20 లక్షలకి పైగా ఫిల్మ్ రోల్స్ దాచారు, మనవాళ్ళెవరూ అంత డబ్బు పెట్టి ఆ పని చేయలేదు. వెతుక్కోవడానికి వాడుకోండి, ఎక్కించడం దగ్గర ఆగి ఆలోచించండి. ఆ దగ్గరి బంధువు లెక్కలో మనవడి కంటే కొడుకులు, కూతుళ్ళే ముందు. మీ నాన్నగారు, ఆయన తోబుట్టువులు ఉన్నారా?

పల్నాటి_పిల్లోడు:
నాన్న లేరండి, పెదనాన్న, ఇద్దరు అత్తయ్యలు ఉన్నారు. పెద్దత్తయ్యకి చెబితే ఫోన్‌లోనే దులిపేస్తుంది, పెదనాన్నేమో ఫ్రీ అయితే పెట్టేయరా అంటాడు. ముగ్గుర్నీ ఒకే కాల్‌లో అడుగుతా, ఒక్కరు వద్దన్నా పెట్టను. అప్పటిదాకా ఎక్సెల్‌లోనే ఉంచుతా. ఆఫీసులో ఆయన్ని కూడా సూటిగా అడిగి ఏమన్నాడో ఇక్కడే రాస్తా.