గోల్ఫ్ డ్రైవర్ కొనేటప్పుడు కంపెనీ పేరు చూడాలా, కొత్త డిజైన్ చూడాలా?

చెరువుగట్టు, భీమవరం

అందరికీ నమస్కారమండి. కారు డ్రైవర్ అనుకోకండి, గోల్ఫ్‌లో బంతిని అన్నిటికంటే దూరం కొట్టడానికి వాడే పొడవాటి క్లబ్బు గురించి అడుగుతున్నాను. నాలుగేళ్ళ కిందట డల్లాస్‌లో అక్కావాళ్ళింట్లో మూడు నెలలున్నప్పుడు బావగారు ఈ ఆట నేర్పించారు, అప్పట్నుంచి వదల్లేదు. ఇప్పుడు రొయ్యల చెరువులు చూసుకుంటూనే నెలకి రెండుసార్లు వైజాగ్ ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ మైదానానికి వెళ్ళి ఆడుతున్నాను. మిగతా రోజుల్లో సాయంత్రం మేత వేయించాక మా కొబ్బరితోటలో రెండు చెట్ల మధ్య చేపల వల కట్టుకుని ప్రాక్టీస్ చేస్తాను.

పోయినేడాది బాగా పేరున్న కంపెనీ డ్రైవర్ ఒకటి ఆన్‌లైన్‌లో కొన్నాను. ఆరు నెలలు తిరక్కుండానే ఫేస్ మీద, అంటే తలలో బంతికి తగిలే ముందు భాగం మీద, సన్నగా చీలిక వచ్చింది. కంపెనీకి ఫొటోలు పంపితే, మీకు అమ్మినవాళ్ళు మా డీలర్ కాదు కాబట్టి వారంటీ లేదన్నారు. అమ్మినవాడు ఫోన్ ఎత్తడం మానేశాడు. డబ్బు పోయిందన్న బాధ ఒకటైతే, పేరు చూసి కళ్ళు మూసుకుని నమ్మానే అన్న బాధ ఇంకోటి. ప్రస్తుతం బావగారి పాత డ్రైవర్‌తోనే నెట్టుకొస్తున్నాను.

సంక్రాంతికి బావగారు వస్తున్నారు, ఒక డ్రైవర్ తెస్తానన్నారు. పెద్ద కంపెనీల ఈ ఏటి మోడల్ బాగా ఖరీదుగా ఉంది. ఇంకోపక్క, పెద్దగా ఎవరూ పేరు వినని చిన్న కంపెనీ ఒకటి దాదాపు సగం ధరకే కొత్త రకం డిజైన్ అమ్ముతోంది. బరువంతా వెనక్కి పెట్టాం, బంతి ఎక్కడ తగిలినా నిటారుగా పోతుంది అంటున్నారు. నా స్వింగ్ స్పీడ్ గంటకి 92 మైళ్ళు, బంతి 200 గజాలు పోయి కుడివైపుకి తిరిగిపోతుంది. పేరుకి డబ్బు పెట్టాలా, డిజైన్‌కి పెట్టాలా? ఆడేవాళ్ళు కొంచెం వివరంగా చెప్పండి.

అమలాపురం అబ్బాయి, ప్రస్తుతం ఒహాయో

చెరువుగట్టు గారూ, నేను మెటీరియల్స్ ఇంజనీర్ని, క్లబ్బుల కంపెనీలో కాదుగానీ టైటానియం పోతపోసే పనిలోనే ఉన్నాను. ముందు ఒక సంగతి తెలిస్తే మీకు సగం టెన్షన్ తగ్గుతుంది. డ్రైవర్ ఎంత గట్టిగా బంతిని విసరొచ్చు అన్నదానికి గోల్ఫ్ నియమాలు పెట్టే యూఎస్‌జీఏ, ఆర్ అండ్ ఏ అనే రెండు సంస్థలు హద్దు పెట్టేశాయి. తల సైజు 460 సీసీ దాటకూడదు. ఫేస్ ఎంత స్ప్రింగులా వంగి లేస్తుందో కొలవడానికి ఒక చిన్న లోలకంతో కొట్టి, అది ఫేస్‌కి అంటుకుని ఉన్న సమయం చూస్తారు. ఆ సమయానికి హద్దు 239 మైక్రోసెకన్లు, కొలతలో తేడాలకి ఇంకో 18 కలిపి 257. పెద్ద కంపెనీలన్నీ ఎన్నో ఏళ్ళ కిందటే ఆ గోడ దగ్గరికి వచ్చి ఆగిపోయాయి. కాబట్టి ఫేస్ మధ్యలో తగిలిన బంతికి ఈ ఏటి మోడల్‌కీ పదేళ్ళ నాటి మంచి మోడల్‌కీ దూరంలో తేడా మీరు కంటితో పట్టుకోలేరు. ఏటేటా పది గజాలు పెరిగిందని ప్రకటనలు వేస్తున్నారు చూడండి, అవన్నీ కూడితే ఇప్పటికి అందరం 500 గజాలు కొడుతూ ఉండాలి.

మరి మార్పు ఎక్కడ వచ్చిందంటే, మధ్యలో తగలని దెబ్బల్లో. తల మెలితిరగకుండా నిలబడే గుణం ఉంటుంది, ఎంఓఐ అంటారు. బరువుని అంచులకి నెడితే అది పెరుగుతుంది. దానికీ 5900 గ్రాము-చదరపు సెంటీమీటర్ల దగ్గర హద్దుంది, ఇంకో 100 వెసులుబాటు. 2024 జనవరిలో పింగ్, టేలర్‌మేడ్ అనే పెద్ద కంపెనీలు రెండూ 10కే అనే డ్రైవర్లతో వచ్చాయి, ఆ 10,000 ఏంటంటే అడ్డంగా మెలితిరగడం, పైకీ కిందకీ మెలితిరగడం రెండూ కలిపిన లెక్క. 5900 హద్దు అడ్డంగా తిరిగేదానికి మాత్రమే. మీరు చెప్పే చిన్న కంపెనీ అంకె ఇస్తే అది దేని లెక్కో అడగండి. చెప్పలేకపోతే అక్కడితో వదిలేయండి.

ఇంకోటి, తలల మీద పేర్లు వేరైనా చాలా వరకు పోతపోసేది తైవాన్ వాళ్ళ ఫ్యాక్టరీలే, తైవాన్‌లో, చైనాలో, వియత్నాంలో. అంతమాత్రాన అన్నీ ఒకటే అనడంలేదు. ఫేస్ మందం ఎక్కడ ఎంత ఉండాలి, వచ్చిన సరుకులో ఎన్నిటిని పక్కన పడేయాలి అన్నది ఆర్డరిచ్చే కంపెనీ పెట్టుకునే కట్టడిని బట్టి ఉంటుంది. పేరున్నవాడికి మీరు ఎక్కువిచ్చేది ఎక్కువగా దీనికే అనుకుంటాను.

కాకినాడ బాబాయ్

నేను మర్చంట్ నేవీలో ఉన్నప్పుడు రేవు రేవుకీ ఆడినవాణ్ణి. కర్ర డ్రైవర్‌తో మొదలుపెట్టాను. దాన్ని పెర్సిమన్ అనే చెట్టు కర్రతో చేసేవారు, మన ఏజెన్సీలో బీడీ ఆకు ఇచ్చే తునికి చెట్టు కూడా ఆ జాతిదే. ఆ కర్ర తలకి ఎంత పరువుండేదో ఇప్పటి పిల్లలకి తెలీదు. 1979లో గ్యారీ ఆడమ్స్ అనే ఆయన 24,000 డాలర్లు అప్పుచేసి టేలర్‌మేడ్ అని కంపెనీ పెట్టి, స్టీలు తలతో డ్రైవర్ చేశాడు. అప్పటికి ఆయనకి ఏం పేరుందని? 1993లో కూడా బెర్న్‌హార్డ్ లాంగర్ కర్ర డ్రైవర్‌తోనే మాస్టర్స్ అనే పెద్ద టోర్నమెంట్ గెలిచాడు, అంటే కొత్తది వచ్చిన పధ్నాలుగేళ్ళకి కూడా పాతదాన్ని నమ్మినవాళ్ళున్నారు, నమ్మి గెలిచారు. ఆ తర్వాత నాలుగైదేళ్ళలో కర్ర తల కనబడకుండా పోయింది.

ఈలీ క్యాలవే అయితే బట్టల మిల్లుల వ్యాపారం, ఆ తర్వాత ద్రాక్షసారా వ్యాపారం చేసి, అరవై దాటాక 1982లో ఒక చిన్న క్లబ్బుల కంపెనీ కొన్నాడు, అదే ఇప్పటి క్యాలవే. 1991లో వాళ్ళ బిగ్ బెర్తా డ్రైవర్ వచ్చినప్పుడు దాని తల 190 సీసీ, ఇప్పుడు చూస్తే చిన్నపిల్లల ఆటవస్తువులా ఉంటుంది, అప్పుడు మాత్రం అందరూ ఇదేం తలరా బాబూ అన్నారు. పింగ్ పెట్టిన కార్‌స్టెన్ సోల్హైమ్ జనరల్ ఎలక్ట్రిక్‌లో ఇంజనీరు, ఇంటి గ్యారేజీలో పటర్, అంటే బంతిని గుంటలోకి దొర్లించే క్లబ్బు, చేసుకున్నాడు, అది బంతిని కొడితే వచ్చిన శబ్దమే కంపెనీ పేరైంది. ఇవాళ మనం పేరు పేరు అంటున్నవాళ్ళు ముగ్గురూ పేరు లేకుండా వచ్చినవాళ్ళే. అందుకని చిన్న కంపెనీ అనగానే తీసిపారేయకు నాయనా.

కానీ కొత్తది మొదట చేసినవాడికి పేరు దక్కుతుందనీ లేదు. టైటానియం డ్రైవర్‌ని 1990లోనే మిజునో తెచ్చింది, జనం గుర్తుపెట్టుకుంది 1995లో వచ్చిన క్యాలవే గ్రేట్ బిగ్ బెర్తాని. కార్బన్ తలలు 1980ల్లోనే జపాన్ వాళ్ళు చేశారు, మన బ్యాడ్మింటన్ పిల్లలకి తెలిసిన యోనెక్స్ కూడా చేసింది. 2022లో టేలర్‌మేడ్ స్టెల్త్ 60 పొరల కార్బన్ ఫేస్‌తో వస్తే కార్బన్ అప్పుడే పుట్టినట్టు మాట్లాడారు. ఇది నాకు ఎప్పుడూ మనసులో గుచ్చుకునే విషయం.

మార్టేరు మేనల్లుడు

నేను ఈ ఆట ఆడను, మా మావయ్య ఆడతారు కాబట్టి చదువుతున్నాను. కానీ పేరా కొత్తదనమా అన్న ప్రశ్న మన వరి చేలల్లో ఎప్పట్నుంచో ఉన్నదే కాబట్టి ఒక మాట చెప్పాలనిపించింది. మా ఊరి పరిశోధనా కేంద్రం నుంచి 1982లో స్వర్ణ వచ్చింది, ఎంటీయూ 7029. దాని తర్వాత అక్కడినుంచే ఎన్ని రకాలొచ్చినా రైతు కొట్టుకెళ్ళి స్వర్ణ ఉందా అనే అడిగేవాడు. ముంపు వస్తే మాత్రం స్వర్ణ పోయేది. అప్పుడు శాస్త్రవేత్తలు ఏం చేశారంటే, ఒడిశా పాత రకంలో ఉన్న ముంపుని తట్టుకునే జన్యువుని దీనిలోకి తెచ్చి స్వర్ణ సబ్-1 అని 2009లో ఇచ్చారు. పేరూ గింజా రైతుకి తెలిసినవే, లోపల ఒక గుణం కొత్తది. రెండు వారాల దాకా నీళ్ళలో మునిగినా మళ్ళీ లేస్తుంది. కొత్త పేరు పెట్టి ఉంటే అంత తొందరగా నమ్మేవారా అన్నది నా అనుమానం.

మీ డ్రైవర్ల సంగతీ అంతే అనిపిస్తోంది. పేరున్న కంపెనీ కొత్తది తెస్తే, అది పాడైనా వాడు ఊళ్ళోనే ఉంటాడన్న ధైర్యంతో కొంటాం.

వైజాగ్ బెంచి

క్లబ్బుల రిపేరు చేస్తానండి, చేత్తో పట్టుకునే గ్రిప్పులు మార్చడం, షాఫ్టులు అంటే పొడవాటి కడ్డీలు కొయ్యడం, తలలు అతికించడం. మేనల్లుడు గారి మాట బాగుంది గానీ ఒకటి కలపాలి, పేరున్నవాడు తెచ్చిన కొత్తదనం కూడా కూలిపోతుంది. 2007లో నైకీ నలుచదరం తలతో డ్రైవర్ తెచ్చింది. ఎంఓఐ పరంగా ఆలోచన సరైనదే, ఇవాళ అందరూ పోతున్న దారి అదే. కానీ బంతికి తగిలితే రేకు డబ్బా మీద కొట్టినట్టు మోత, పైగా కొన్ని తలలు హద్దు దాటి స్ప్రింగులా ఉన్నాయని వెనక్కి పిలిపించుకోవాల్సి వచ్చింది. 2016లో నైకీ క్లబ్బుల వ్యాపారమే మానేసింది. అంత పెద్ద పేరు కూడా ఆ తలని నిలబెట్టలేకపోయింది.

ఇంకో ఉదాహరణ. 2025 పీజీఏ చాంపియన్‌షిప్ వారంలో పేరున్న ఆటగాళ్ళు రోరీ మెకిల్‌రాయ్ డ్రైవరూ, స్కాటీ షెఫ్లర్ డ్రైవరూ ఆ లోలకం టెస్టులో ఫెయిలయ్యాయి. మోసమేం కాదు, కొట్టగా కొట్టగా ఫేస్ మెత్తబడి హద్దు దాటుతుంది. షెఫ్లర్ వేరే తల బిగించుకుని ఆ టోర్నమెంటే గెలిచాడు. ఫేస్ అంత పల్చగా, అంత అంచు మీద చేస్తున్నారు కాబట్టే చీలికలూ వస్తున్నాయి. చెరువుగట్టు గారిది ఊరికే వచ్చిన చీలికైతే నేనేం ఆశ్చర్యపోను. నకిలీ సరుకు కూడా అయ్యుండొచ్చు, నెలకి ఒకటైనా నా బెంచి మీదికి వస్తుంది. ఆ తల ఒకసారి తెచ్చి చూపించండి.

కానీ మీరంతా తల గురించే మాట్లాడుతున్నారు, షాఫ్ట్ సంగతి ఒక్కరూ ఎత్తలేదు! ఇప్పుడు షాపుల్లో వచ్చే డ్రైవర్లు 45 అంగుళాలన్నర, ఆ పైన ఉంటున్నాయి. కర్ర డ్రైవర్ల రోజుల్లో 43, 44. షాఫ్ట్ పొడుగైతే వేగం కాస్త పెరుగుతుంది నిజమే, కానీ మనలాంటి వాళ్ళకి బంతి ఫేస్ మధ్యలో తగలడం మానేస్తుంది. మడమ వైపు, అంటే షాఫ్ట్‌కి దగ్గరి అంచు వైపు, తగిలితే తల మెలితిరిగి బంతికి కుడివైపు తిరిగే స్పిన్ వస్తుంది. ఆయనకి జరుగుతున్నది అదే అయ్యుంటుంది. కొత్త డ్రైవర్ కొనకముందు బంతి మీద చాక్‌పీస్ రుద్ది ఒక ఇరవై కొట్టి, ఫేస్ మీద మచ్చ ఎక్కడ పడుతోందో చూడండి. ఆ తర్వాత గ్రిప్ ఒక అంగుళం కిందకి పట్టుకుని ఇంకో ఇరవై.

చెరువుగట్టు, భీమవరం

అందరికీ చాలా థాంక్సండి. నిన్నా మొన్నా చాక్‌పీస్ పరీక్ష చేశాను. ఇరవైలో పధ్నాలుగు మచ్చలు మడమ వైపే ఉన్నాయి. అంగుళం కిందకి పట్టుకుంటే ఇరవైలో పదకొండు మధ్యకి వచ్చాయి. వలలోకి కొట్టడం కాబట్టి దూరం తెలీదు, శబ్దం మాత్రం మారింది, చేతికి తగిలే తీరు మారింది. నాలుగేళ్ళుగా ఈ మాట నాకు ఎవరూ ఎందుకు చెప్పలేదా అనిపించింది.

చిన్న కంపెనీకి మెయిల్ కూడా పెట్టాను, మీ ఎంఓఐ అంకె దేని లెక్క, ఇండియాలో ఫేస్ చీలితే ఏం చేస్తారు అని. మొదటిదానికి చక్కగా జవాబిచ్చారు, అడ్డంగా తిరిగేది 5200 అట. రెండోదానికి, తలని మా ఖర్చుతో మార్చి ఇస్తాం గానీ అమెరికా అడ్రస్‌కే పంపుతాం అన్నారు. నాకు నచ్చింది. పెద్ద కంపెనీ నాతో ఇంత సూటిగా మాట్లాడలేదు. అక్కావాళ్ళ అడ్రస్ ఉంది కాబట్టి దీనికే మొగ్గుతున్నాను, బావగారు మాత్రం ముందుగా ఆ చిన్న కంపెనీకి వెళ్ళి దగ్గరుండి క్లబ్బు కొలతలు తీయించి తెస్తానంటున్నారు, షాఫ్ట్ 44న్నర అంగుళాలు.

అమలాపురం అబ్బాయి, ప్రస్తుతం ఒహాయో

5200 నిజమైతే మీకు సరిపోతుంది. ఆ మోడల్ యూఎస్‌జీఏ వాళ్ళ అనుమతి జాబితాలో ఉందో లేదో వాళ్ళ సైట్‌లో వెతకండి, కొన్ని పోటీల్లో ఆడాలంటే ఉండాలి. షాఫ్ట్ అంగుళం తగ్గిస్తే తల తేలికైనట్టు అనిపిస్తుంది, తలకి స్క్రూ బరువులుంటే కొన్ని గ్రాములు ఎక్కువది బిగించమని బావగారికి చెప్పండి.

వైజాగ్ బెంచి

రోహిణీ కార్తెలో కారు డిక్కీలో మాత్రం వదిలేయకండి, ఆ వేడికి షాఫ్ట్ పట్టుకునే జిగురు మెత్తబడుతుంది. ఒక కస్టమర్‌కి తల ఊడి ఫెయిర్‌వేలోకి ఎగిరింది. ఇంకోటి, చేపల వల అన్నారు, కన్ను ఎంత? గోల్ఫ్ బంతి అడ్డుకొలత 42.67 మిల్లీమీటర్లు, కన్ను దానికంటే బాగా చిన్నదుండాలి. వల వెనకే కొబ్బరిచెట్టు ఉంటే మాత్రం వెంటనే జరపండి, మొద్దుకి తగిలిన బంతి తిరిగి మీ ముఖం మీదికే వస్తుంది.

చెరువుగట్టు, భీమవరం

వెనక చెట్టు ఉందండి. రేపు పొద్దున్నే జరిపిస్తాను.