రేటింగు కలిపితే ఆడ–మగ తేడా మాయమైంది. ప్రమోషన్లలో వివక్ష లేదని రాసేయవచ్చా?

థీసిస్_తిప్పలు
నమస్కారం. ఒక కంపెనీ పేర్లు తీసేసి ఆరేళ్ళ హెచ్‌ఆర్ రికార్డులు ఇచ్చింది. దాదాపు 1,400 మందికి చేరిన తేదీ, విభాగం, గ్రేడు, ఏటేటా రేటింగు, ప్రమోషన్, సెలవులు, మానేసిన తేదీ ఉన్నాయి. ఆడవాళ్ళు పై పదవుల్లో ఉంటే లాభాలు పెరుగుతాయని చూపిద్దామనుకున్నాను. ఒక్క కంపెనీతో అది తేలదని గైడ్ గారు అన్నారు, అందుకని ప్రమోషన్ల వైపు మళ్ళాను. రిగ్రెషన్‌లో (ఒక్కో అంశం ప్రభావాన్ని విడదీసి చూపే లెక్క) అనుభవం, గ్రేడు, రేటింగు పెట్టగానే ఆడ–మగ తేడా దాదాపు పోయింది. వివక్ష లేదని తేల్చేయవచ్చా? ఇంటర్వ్యూలు అవసరమా?

లెక్కల_మేస్త్రి
అప్పుడే తేల్చకండి. రేటింగు వేసేదీ, ప్రమోషన్‌కి పేరు పంపేదీ చాలాచోట్ల ఒకే మేనేజరు. వివక్ష రేటింగులోనే ఉంటే, దాన్ని కంట్రోల్‌గా (అందరికీ అది సమానమనుకుని పోల్చేలా) పెట్టడమంటే వెతుకుతున్నదాన్ని మన చేత్తోనే తుడిచేయడం. 2012లో మాస్-రాకుసిన్ అనే పరిశోధకురాలి బృందం ఒకే ఉద్యోగ దరఖాస్తును 127 మంది సైన్స్ ప్రొఫెసర్లకు పంపింది. కొందరికి జాన్ పేరుతో, కొందరికి జెన్నిఫర్ పేరుతో. మిగతాదంతా అక్షరం తేడా లేదు. జాన్‌కి ఏటా సగటున 30,238 డాలర్లు ఇవ్వవచ్చన్నారు, జెన్నిఫర్‌కి 26,508. సామర్థ్యంలోనూ ఆమెకే తక్కువ మార్కులు. మార్కులు వేసినవాళ్ళలో ఆడ ప్రొఫెసర్లూ అలాగే వేశారు.

కాబట్టి మోడళ్ళను అంచెలుగా కట్టండి. మొదట చేరిన ఏడు, చదువు, చేరినప్పటి విభాగం మాత్రమే, అంటే ఉద్యోగంలో చేరకముందే తేలిపోయినవి. తర్వాత గ్రేడు కలపండి, చివరికి రేటింగు. తేడా ఏ అంచెలో తగ్గిందో అదే మీ అసలు ఫలితం. రేటింగు కలిపాకే తగ్గితే, రేటింగునే ఫలితంగా పెట్టి ఇంకో మోడల్ నడపండి.

రెండోది, ప్రమోషన్ వచ్చిందా రాలేదా అని కాకుండా ఎన్ని నెలలకు వచ్చిందో చూడండి. ఒక్కో మనిషికి ఒక్కో నెలకు ఒక వరుస చొప్పున డేటా విప్పి సర్వైవల్ మోడల్ (ఒక ఘటన జరగడానికి ఎంత కాలం పట్టిందో చూసే మోడల్) వేయండి. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే: మానేసినవాళ్ళను పట్టికలోంచి తీసేస్తారు. ప్రమోషన్ రాక విసిగి వెళ్ళిపోయినవాళ్ళు అందులోనే ఉంటారు, వాళ్ళను తీసేస్తే కంపెనీ ఉన్నదానికన్నా మంచిదిగా కనబడుతుంది. మానేసిన నెల వరకూ లెక్కలో ఉంచండి, మానేయడాన్ని పోటీ ఫలితంగా (ప్రమోషన్‌కి ఇక అవకాశం లేకుండా చేసే ఇంకో ఫలితంగా) పెట్టండి. ప్రసూతి సెలవు నెలలను కలిపి ఒకసారి, తీసేసి ఒకసారి చేసి రెండూ చూపండి.

విభాగాలవారీగా చూడటం మరిచిపోవద్దు. 1973లో అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయ ప్రవేశాల్లో మగవాళ్ళకు 44 శాతం, ఆడవాళ్ళకు 35 శాతం సీట్లు దక్కాయి. విభాగాలవారీగా విడదీసి చూస్తే ఆ తేడా దాదాపు పోయింది. ఎందుకంటే ఆడవాళ్ళు ఎక్కువగా దరఖాస్తు పెట్టినవి సీటు దొరకడమే కష్టమైన విభాగాలు. అయితే మీ కంపెనీలో విభాగం ఎవరు కేటాయిస్తారో కనుక్కోండి. కంపెనీయే కేటాయిస్తే అదీ రేటింగు లాంటిదే, మొదటి మోడల్లో పెట్టకూడదు.

బోర్డు_పరిశీలకి
లాభాల ప్రశ్న వదిలేసి మంచి పని చేశారు. కారణం ఏదో, ఫలితం ఏదో అక్కడ తేలదు. బ్రిటన్ పెద్ద కంపెనీల మీద 2005లో రయన్, హస్లమ్ చేసిన అధ్యయనంలో, ఆడవాళ్ళను బోర్డులోకి తీసుకున్న కంపెనీల షేర్లు అంతకు ముందు నెలల్లోనే నీరసంగా ఉన్నాయని తేలింది. కంపెనీ కష్టాల్లో ఉన్నప్పుడే ఆడవాళ్ళకు పై పదవి దక్కడాన్ని గ్లాస్ క్లిఫ్ అంటున్నారు. నార్వే 2003లో చట్టం తెచ్చి 2008కల్లా బోర్డుల్లో ఆడవాళ్ళు కనీసం 40 శాతం ఉండటం తప్పనిసరి చేసింది. కంపెనీల విలువ పడిపోయిందని 2012లో ఒక పేపరు వచ్చింది, ఆ లెక్క గట్టిగా నిలబడదని తర్వాత మరొకటి. మీకు పనికొచ్చేది అదే చట్టం మీద వచ్చిన 2019 నాటి పేపరు: బోర్డు మారినా కింది మెట్లలోని ఆడవాళ్ళకు పెద్దగా ఒరిగిందేమీ లేదు. మీ డేటా సరిగ్గా ఆ కింది మెట్ల గురించే.

వైవిధ్యం కొలవడానికి బ్లౌ సూచిక (గుంపు ఎంత కలగలుపుగా ఉందో చెప్పే సంఖ్య) వాడేటట్లయితే జాగ్రత్త. పదిమందిలో ముగ్గురు ఆడవాళ్ళున్నా 0.42, ఏడుగురున్నా 0.42. ఎవరు తక్కువో అది చెప్పదు. శాతమే రాయండి.

థీసిస్_తిప్పలు
చాలా థ్యాంక్సండీ. పై గ్రేడులో ఆడవాళ్ళు 9 మందే. ఒకరికి ప్రమోషన్ వచ్చింది. మగవాళ్ళు 40 మందిలో 9 మందికి. పరీక్ష వేస్తే తేడా లేదని వస్తోంది.

లెక్కల_మేస్త్రి
లేదని రాలేదు, చెప్పలేమని వచ్చింది. 9లో 1 అంటే 11 శాతం, కానీ దాని 95 శాతం విశ్వాస అంతరం (అసలు శాతం ఉండగల పరిధి) 0.3 నుంచి 48 శాతం దాకా పోతుంది. మగవాళ్ళ 22.5 శాతం అందులో హాయిగా ఇమిడిపోతుంది. పి-విలువ (నిజానికి తేడా లేకున్నా ఇంత తేడా కనబడే అవకాశం) బదులు ఆ అంతరమే రాయండి. ఆ గ్రేడును కింది గ్రేడుతో కలిపి నివేదించండి, లేకపోతే ఆ ఒక్కరెవరో కంపెనీలో అందరికీ తెలిసిపోతుంది.

బోర్డు_పరిశీలకి
ఇంటర్వ్యూలు తప్పకుండా చేయండి, కానీ "వివక్ష ఎదురైందా" అని అడగొద్దు. పోయిన ఆరు నెలల్లో చేసిన పనులన్నీ రాయించి, ఏ పని ఎవరు అప్పగించారో, ఏది రేటింగులో లెక్కకొచ్చిందో ఒక్కొక్కటీ అడగండి. మీటింగు నోట్సు, కొత్తవాళ్ళకు పని నేర్పడం, వేడుకల ఏర్పాట్లు రేటింగులో ఎక్కడా కనబడవు. బాబ్‌కాక్ బృందం 2017 ప్రయోగాల్లో, ఆడా మగా కలిసిన గుంపుల్లో ఇలాంటి పనికి ఆడవాళ్ళు 50 శాతం ఎక్కువగా ముందుకొచ్చారు. చేయమని అడిగేవాళ్ళు కూడా వాళ్ళనే ఎక్కువ అడిగారు. ప్రతి మేనేజరు కింద కనీసం ఇద్దరు ఆడవాళ్ళు, ఇద్దరు మగవాళ్ళతో మాట్లాడితేనే పోలిక కుదురుతుంది.